పై పట్టీ ఎవరిది?

ఇల్లు మనది, వీధి పదిమందిది. మధ్యనున్న అరుగు ఎవరిదన్న తగవు మాత్రం ఎన్నటికీ తెమలదు. ఆ తగవే ఇప్పుడు సెల్‌ఫోన్‌లోకి వచ్చి కూర్చుంది.

మా మేనల్లుడు కొత్తగూడెంలో వెబ్ యాప్‌లు తయారుచేస్తుంటాడు. రిటైరైన సింగరేణి కార్మికులు మందుల ఖర్చు రాసుకోవడానికి ఒకటి చేస్తూ, "మామా, పైన బ్రౌజర్ పట్టీకి ఏం రంగు పెట్టమంటవ్?" అన్నాడు. ఈ ఊళ్ళో ఉండి నేనేమంటాను? "బొగ్గు నలుపు పెట్టరా" అన్నాను.

పేజీ రాతలో 'థీమ్ కలర్' అని ఒక్క వరస రాసి, ఆరు గుర్తుల రంగు సంఖ్య తగిలిస్తే చాలునట. ఆండ్రాయిడ్ ఫోన్లలో క్రోమ్ 2014 నుంచే ఆ రంగును పట్టీకి పూస్తోంది. సఫారీకి 2021లో మనసైంది. ఎంచుకోవడానికి 1,67,77,216 రంగులు! పట్టుచీరల కొట్టువాడు వింటే కళ్ళు తిరిగి పడిపోడూ?

సరే, ఆ పట్టీ మావాడిదా? కాదు. పేజీలో వాడి ఇష్టమొచ్చింది రాసుకోవచ్చు. మనం ఎవరింటికొచ్చామో చెప్పే చిరునామా ఉండేది మాత్రం ఆ పట్టీలోనే. అది బ్రౌజర్ సొత్తు. మావాడు చెప్పే రంగు వట్టి విన్నపం, బ్రౌజర్ కాదన్నా కాదనవచ్చు. పేజీ రంగే పట్టీకీ పూస్తే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ బ్యాంకు నీలిరంగు సంఖ్యకు తాళమేమీ లేదు. దొంగ పేజీ పెట్టేవాడూ అదే సంఖ్య చూసి రాసుకుంటాడు.

మా పక్కింటి పెద్దాయన ముప్పై ఏళ్ళు గనిలో దిగిన మనిషి. కప్పును కంటితో చూసి ఏనాడూ నమ్మలేదు. కర్రతో తట్టి, చప్పుడు గట్టిగా ఉందో డొల్లగా ఉందో చెవితో విన్నాకే కిందికి వెళ్ళేవాడు. ఆయనే ఫోన్ చేతికొచ్చేసరికి, "రంగు అదే కదా, మనదే అయ్యుంటది" అంటాడు! ఆయన అమాయకుడని నేననను. కర్రతో తట్టి చూడడానికి ఫోన్‌లో మనం ఆయనకేం మిగిల్చాం, ఆ చిన్న చిరునామా తప్ప? దాన్ని కూడా అందం పేరుతో పేజీలో కలిపేస్తే ఆ పాపం దొంగది ఒక్కడిదేనా?

ఈ మాటే మేనల్లుడితో అన్నాను. వాడు కాసేపు గొణిగి, పేజీని తెల్లగా ఉంచి, పట్టీకి వేరే రంగు పెట్టి, మధ్య అంచు కనబడేట్టు చేశాడు. చీకటి తెర పెట్టుకునేవాళ్ళ కోసం ఇంకో వరస కూడా చేర్చాడు.

నలుపు మాత్రం నెగ్గలేదు. పెద్దాయన చూసి, "నల్లదేంది బిడ్డా, ముప్పై ఏండ్లు చూసింది చాలదా?" అన్నాడు. ఇప్పుడక్కడ చిలకపచ్చ ఉంది.