నిండుకున్న బియ్యం

గోదావరి గట్టు మీద, లంకలకు ఎదురుగా, ఒక సత్రం ఉండేది. గట్టు వెంట నడిచి వచ్చేవాళ్ళూ, బండి దిగి ఎద్దులకు నీళ్ళు పెట్టుకునేవాళ్ళూ అక్కడ రెండు పూటలా భోంచేసి వెళ్ళేవారు. కట్టించిన షావుకారు ఎప్పుడో పోయాడు. ఆయన రాసిపెట్టిన దస్తావేజూ, సత్రం పేరున వదిలిన పదెకరాల మాన్యమూ మిగిలాయి. వంటా వడ్డనా చూసుకునే పెద్దావిడని ఊరంతా అమ్మగారు అనేది. లెక్కలు గుమాస్తాగారివి. ఏటా మిగిలిన బియ్యం అమ్మి జమ చూపించాలి గనక, ఆ అమ్మకంలో ఆయనకూ ఎంతో కొంత మిగులుతుందని ఊళ్ళో గుసగుస. నిజానిజాలు గోదారమ్మకి తెలియాలి.

ఆ సత్రంలో పనికి ఒక కుర్రాడు కుదిరాడు. మేనమామ ఇంట్లో పెరిగినవాడు. ఆ మేనమామ నోట్లూ దస్తావేజులూ రాసి బతికేవాడు. ఒక్క అక్షరం జారితే పొలం చేతులు మారుతుందనీ, రాతలో ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు అనీ మేనల్లుడికి మొట్టికాయలు వేసి మరీ నేర్పాడు. కుర్రాడు నేర్చుకున్నాడు. కాస్త ఎక్కువే నేర్చుకున్నాడు.

చేరిన కొత్తలో ఒకరోజు అమ్మగారు వసారాలో పెరుగు దుత్త పెట్టి, "ఒరేయ్ అబ్బాయ్, కాకులు ముట్టకుండా చూస్తూ ఉండు, స్నానం చేసి వస్తాను" అని వెళ్ళింది. తిరిగొచ్చేసరికి దుత్త ఖాళీ. పక్కన పిల్లి మీసాలు తుడుచుకుంటోంది. కుర్రాడు కర్ర పట్టుకుని ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఇదేంట్రా?"

"ఒక్క కాకి కూడా వాలలేదండి అమ్మగారూ."

అమ్మగారికి కోపం రావలసింది, నవ్వొచ్చింది. "కాకులంటే కాకులే కాదు నాయనా. పెరుగులో మూతిపెట్టే జాతి ఏదైనా కాకే" అని చెప్పింది. కుర్రాడు శ్రద్ధగా తలూపాడు.

కొన్నాళ్ళకి మళ్ళీ ఇంకో గొడవ. "ఉప్పు నిండుకుంది, కొట్టువాడికి చెప్పిరా" అంటే వెళ్ళి, "మా జాడీ నిండుగా ఉందటండి, ఈ వారం పంపొద్దు" అని చెప్పి వచ్చాడు. ఆ పూట పప్పులో, పులుసులో, కూరలో ఉప్పురాయి లేదు. అమ్మగారు వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. ఉప్పు, పప్పు, బియ్యం లేవు అని గృహస్థు నోటితో అనకూడదు, ఆ మాట ఇంట్లో తిరగడం మంచిది కాదు, అందుకని అయిపోయిన దాన్ని నిండుకుంది అంటామని. వాడు ఈసారి తలూపలేదు. చాలాసేపు ఆలోచించాడు. "అయితే నిజంగా నిండితే ఏమంటారండి?" అని అడిగాడు. అమ్మగారు పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్ళిపోయింది.

ఆ ఏడు శ్రావణంలో గోదావరికి పెద్ద వరదొచ్చింది. అమ్మగారు అంతకు రెండు రోజుల ముందే కూతురి పురిటికి అమలాపురం వెళ్ళింది. వెళుతూ కొట్టుగది తాళంచెవి కుర్రాడి చేతిలో పెట్టి, "గుమాస్తాగారి మాట జవదాటకు" అని చెప్పింది.

అర్ధరాత్రి లంకలు మునిగాయి. తెల్లవారేసరికి గట్టుకి పడవలు చేరాయి. నలభై మంది దాకా ఉంటారు. చంకల్లో పిల్లలు, నెత్తిన తడిసిన మూటలు. నేరుగా సత్రం అరుగు మీదికి వచ్చారు.

గుమాస్తాగారు కళ్ళజోడు సర్దుకుని దస్తావేజు తీయించారు. "చూడండి, ఇందులో ఏముందో. ఈ సత్రమునకు వచ్చు బాటసారులకు రెండు పూటలా అన్నము పెట్టవలెను. బాటసారులకు! మీరు బాటన వచ్చినవాళ్ళు కారు. నీటి మీద వచ్చినవాళ్ళు. పెట్టకూడదని కాదు, పెట్టే అధికారం నాకు లేదు."

ఆ గుంపులో ఒక ముసలమ్మ అంది: "బాట మునిగిపోయిందండి బాబూ."

గుమాస్తాగారు ఒక్క క్షణం తడబడ్డారు. దస్తావేజులో ఆ మాటకి జవాబు లేదు. దస్తావేజు మడిచి, "అదీగాక బియ్యం నిండుకున్నాయి. ఏం చెయ్యమంటారు?" అన్నారు.

మూల నిలబడ్డ కుర్రాడు ఆ మాట విన్నాడు. మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి విప్పాడు. "ఏవండోయ్, గుమాస్తాగారు చెబుతున్నారు, బియ్యం నిండుకున్నాయట! రండి, విస్తళ్ళు వేసుకోండి" అంటూ కొట్టుగది తలుపు బార్లా తీశాడు. లోపల బస్తాలు అటక దాకా ఉన్నాయి. నలభై మంది కళ్ళూ వాటిని చూశాయి. చూశాక వాటిని లేవనడం ఎవరి తరమూ కాదు. గుమాస్తాగారికీ తరం కాలేదు.

నాలుగో రోజుకి అమ్మగారు తిరిగొచ్చింది. గుమాస్తాగారు ఫిర్యాదు చేశారు. ఆవిడ కుర్రాణ్ణి పిలిచింది.

"నిండుకోవడం అంటే ఏమిటో నీకు చెప్పానా లేదా?"

"చెప్పారండి. ఉప్పు లేనప్పుడు చెప్పారు. ఉన్నప్పుడు ఏ అర్థం తీసుకోవాలో చెప్పలేదు."

"మరి బాటసారుల సంగతి?"

"అది మీరు ముందే చెప్పారు కదండీ, కాకుల సంగతి చెప్పినప్పుడు."

అమ్మగారు గుమాస్తాగారి కేసి చూసింది. ఆయన లెక్కల పుస్తకం తిరగేస్తున్నారు.

ఈ కథకి నీతి ఇది. మాటని అక్షరం దగ్గరే పట్టుకుని వేళ్ళాడేవాళ్ళు రెండు రకాలు. అర్థం తెలియక పట్టుకున్నవాడికి ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబితే చాలు. అర్థం తెలిసీ పట్టుకున్నవాడికి చెప్పేదేమీ ఉండదు. వాడి అక్షరాన్నే తిరిగి వాడికి అప్పజెప్పాలి.

మొదటి రకాన్ని మనం చాలా ఏళ్ళుగా ప్రేమగానే చూసుకున్నాం. పరమానందయ్య శిష్యులు వాళ్ళే. వాళ్ళని చూసి నవ్వుతాం గానీ అసహ్యించుకోం. రెండో రకం మీద మాత్రం కథలు తక్కువ. ఎందుకంటే వాడు కథల్లో కంటే కచేరీల్లో ఎక్కువ కనిపిస్తాడు.

కుర్రాడు ఎక్కడా చదువుకోలేదు గానీ, వాడు చేసింది అలంకారశాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది. మన పెద్దలు మాటకి మూడు శక్తులున్నాయన్నారు. నేరుగా అర్థాన్ని చెప్పేది అభిధ, అది చెప్పే అర్థం వాచ్యార్థం. అది పొసగనప్పుడు దానికి చుట్టమైన మరో అర్థానికి తీసుకెళ్ళేది లక్షణ. చెప్పకుండానే స్ఫురింపజేసేది వ్యంజన. గంగలో గొల్లపల్లె ఉంది అనేది వాళ్ళు పదే పదే చెప్పే ఉదాహరణ. ప్రవాహంలో పల్లె ఉండదు గనక గంగ ఒడ్డున అని అర్థం చేసుకుంటాం. ఒడ్డున అని నేరుగా అనకుండా గంగలో అన్నందుకు ఆ పల్లె చల్లదనం, పావనత్వం కూడా మనసుకి తడతాయి. ఒక్క మాటలో మూడూ పనిచేశాయి.

అయితే లక్షణకి వెళ్ళడానికి మన ఇష్టం చాలదు. కాశ్మీరపు మమ్మటుడు కావ్యప్రకాశంలో దానికి షరతులు పెట్టాడు. వాటిలో మొదటిది ముఖ్యార్థబాధ. అంటే అసలు అర్థానికి ఆటంకం రావాలి. రెండోది, కొత్త అర్థానికి పాతదానితో సంబంధం ఉండాలి. ఆపైన రూఢి అయినా ఉండాలి, ప్రయోజనమైనా ఉండాలి. ఇప్పుడు కొట్టుగది వైపు చూడండి. జాడీ ఖాళీగా ఉన్నప్పుడు నిండుకుంది అంటే వాచ్యార్థం పొసగదు, దానికి వ్యతిరేకమైన అర్థమే తీసుకోవాలి. దాన్ని విపరీత లక్షణ అంటారు. బస్తాలు అటక దాకా ఉన్నప్పుడు అదే మాటంటే ఆటంకమే లేదు. వాచ్యార్థం నిక్షేపంగా నిలబడుతుంది. కుర్రాడు మోసం చేశాడనేవాళ్ళు మమ్మటుడితో కూడా తేల్చుకోవాలి.

కాకులూ పెరుగూ కూడా నా సొంతం కాదు. శాస్త్రాల్లో అరిగిపోయిన ఉదాహరణ. ఇంకా పాతది కావాలంటే భర్తృహరి వాక్యపదీయంలో ఉంది, అక్కడ పెరుగు బదులు నెయ్యి. కాకుల నుంచి నెయ్యి కాపాడమంటే చిన్నపిల్లవాడైనా కుక్కల్ని అదిలించకుండా ఉండడంటాడాయన. పసివాళ్ళ మీద ఆయనకి నాకంటే నమ్మకం ఎక్కువ. ఆ మాట అన్నవాడి ఉద్దేశం పాడుకాకుండా చూడమనడమే గనక, కాకి అనేది పాడుచేసే వాటన్నిటికీ గుర్తు. బాటసారి కూడా అంతే. ఇల్లు విడిచి దారిన పడ్డవాడికి గుర్తు. దారి మట్టిదా, నీటిదా అన్నది షావుకారు ఆలోచించి ఉండడు. ఆలోచించి ఉంటే మరో మాట రాసేవాడు, గుమాస్తాగారు దానికీ మరో సందు వెతికేవారు.

మాటల పుట్టుక అడ్డం పెట్టుకుని వాదించేవాళ్ళకి ఇంట్లో నూనె సీసా చాలు. నువ్వుల నెయ్యి నూనె అయింది. ఆ లెక్కన కొబ్బరినూనె అనే వస్తువే లోకంలో ఉండకూడదు. రోజూ తలకి రాసుకుంటున్నాం. బయల్దేరేవాడు వెళ్ళొస్తాను అంటే సాయంత్రానికి వస్తాడని వంట చేసి పెట్టం. దీపం కొండెక్కిందంటే నిచ్చెన తేం. అశుభం పలకకూడదనే జంకు మన భాషలో ఇలాంటి తలకిందుల మాటలు చాలా పుట్టించింది. వాటిని అక్షరానికి అక్షరం తీసుకునేవాడు తెలుగు నేర్చుకుంటున్న పరాయివాడైనా అయ్యుండాలి, గుమాస్తా అయినా అయ్యుండాలి.

చట్టం అక్షరానికి కట్టుబడుతుందని మనకొక అపోహ. అది కూడా పూర్తిగా కట్టుబడదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం, సందర్భం ఒప్పుకోకపోతే తప్ప, కేంద్ర చట్టాల్లో పుంలింగంలో ఉన్న మాట స్త్రీలకీ వర్తిస్తుందనీ, ఏకవచనంలో బహువచనం కూడా ఉంటుందనీ చెబుతుంది. అంటే నన్ను మరీ అక్షరాలా చదవకండి అని చట్టమే అక్షరాలా రాసుకుంది. ఇక ఉద్యోగ సంఘాలు చేసే వర్క్ టు రూల్ చూడండి. పని మానరు, రూలు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేస్తారు, అంతే, పని కుంటుపడుతుంది. రూళ్ళ మధ్య ఖాళీలని మనుషులు రోజూ తమ తెలివితో పూడుస్తుంటేనే ఏ ఆఫీసైనా నడుస్తుందని దానివల్ల తెలుస్తుంది. నాకైతే అందులో మోసం కనిపించదు. అక్షరాన్ని చాటుకు కాకుండా బాహాటంగా వాడుతున్నారు.

ఇంత చెప్పానని మేనమామ నేర్పిన విద్యని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఒకరినొకరు ఎరగనివాళ్ళ మధ్య అక్షరమే హామీ. డాక్టరు రోజుకి రెండు మాత్రలంటే అందులో లక్షణా లేదు, వ్యంజనా లేదు. ప్రామిసరీ నోటు మీద అంకెల పక్కన అక్షరాల పదివేల రూపాయలు మాత్రమే అని రాస్తాం. ఒక సున్నా పక్కన మరో సున్నా చేర్చడం సులువు, పదివేలు అన్న మాటని లక్షగా దిద్దడం కష్టం. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ కూడా అంకెల్లో ఒకటి, మాటల్లో ఒకటి ఉంటే మాటల్లో రాసిందే చెల్లుతుందంటుంది. అక్షరాల అన్న మాట తెలుగువాడి నోట ఎక్కువగా నలిగింది అప్పు పత్రాల మీదేనని నాకు అనిపిస్తుంది.

కబుర్లలో అదే మాట దీర్ఘం తీసుకుని అక్షరాలా అని, నిజంగా అనే అర్థంతో వినిపిస్తుంది. ఇప్పుడు నిజం కాని చోటే దాన్ని ఎక్కువగా వాడుతున్నాం. సభకి అక్షరాలా జనసముద్రం పోటెత్తింది అని పేపర్లో చదువుతాం. మా ఇంట్లో పిల్లలు దాన్ని కూడా వదిలేసి, ఎండకి లిటరల్లీ చచ్చిపోయాం అంటూ ఫ్యాను కింద కూర్చుని మంచినీళ్ళు అడుగుతారు. చచ్చిపోయినవాళ్ళకి మంచినీళ్ళెందుకని ఒకసారి అడిగితే, నన్ను గుమాస్తాని చూసినట్టు చూశారు. వాళ్ళ చూపులో తప్పేం లేదు. చాలా అనే అర్థంలో ఆ మాటకి రూఢి ఏర్పడింది, వినేవాడెవడూ మోసపోవడం లేదు. నోటు మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం అంకెల మీద కాదు, పక్కనున్న అక్షరాల వరస మీద వేలుపెట్టి ఒకసారి చదువుకోండని వాళ్ళకి చెప్పాను. వింటారో లేదో.