అంగడిలో అడుగవలసిన ప్రశ్న



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలోని మన సంఘస్థులు అనేకులు పెండ్లి కుదిరిన వెంటనే హైదరాబాదుకు పయనమగుచున్నారు. చీరెలకు చీరాల, మంగళగిరి దాపుననే యున్నను, గాజులకు చార్మినారు, ఇత్తడి సామానునకు బేగంబజారు చూడవలెనని మనసుపడుట సహజమే. పోవువారు మమ్మును, "అయ్యగారూ, ఏ కొట్టుకు పోవలెను?" అని అడుగుదురు. ధరల సంగతియైతే పోయి వచ్చినవారే చెప్పగలరు. కాని ఈ మధ్య ఆ ప్రశ్నకు ఒక తోక చేరినది. "అది ఎవరి కొట్టు? ఆ మతమువారి యొద్ద కొనవచ్చునా? మన డబ్బు వారికేల పోవలెను?" ఈ తోకను గూర్చియే మనము ఆలోచింపవలసియున్నది.

హైదరాబాదు ఒక జనము కట్టుకొనిన పట్టణము కాదు. 1591లో కట్టబడిన చార్మినారు ప్రక్కనే లాడ్ బజారు గలదు. అచ్చట లక్కను వేడిమికి కరగించి, చుట్టి, గాజుగా మలచి, దానిమీద అద్దపు రాళ్లను ఒక్కొక్కటిగా చేతితో అతుకుదురు. 2024లో ఆ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. చేయువారిలో అధికులు ముస్లిములు. తొడుగుకొను పెండ్లికూతుండ్రు అన్ని మతములవారు. బేగంబజారులో మార్వాడీలు, గుజరాతీలు, తెలుగువారు ప్రక్క ప్రక్కన వర్తకము చేయుచున్నారు. ఎవరివారు తమవారి యొద్దనే కొనియుండినచో ఈ బజారులు ఇంతకాలము నిలిచెడివా?

పౌలు కాలమున కొరింథు ఇట్టి పట్టణమే. దానికి ఇరుప్రక్కల రెండు రేవులుండెను. గ్రీకులు, రోమీయులు, యూదులు అచ్చట కలిసి బ్రదికిరి. అంగడిలోని మాంసములో కొంత విగ్రహములకు అర్పింపబడినది గనుక, కొనవచ్చునా యని విశ్వాసులు కలవరపడిరి. అంగడిలో తరచి తరచి అడుగనక్కరలేదు, ఉన్నదంతయు దేవుని సొత్తేయని పౌలు మొదటి కొరింథీ పత్రిక 10వ అధ్యాయములో నేర్పెను. ఇతరుని మనస్సాక్షి నొచ్చునప్పుడు మాత్రము మానుకొనుమనెను. ఆయన చూచినది అమ్మువాని మతమును గాదు, పొరుగువాని మేలును. ఆ పట్టణముననే పౌలు అకుల ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టెను. "కుట్టినవాడు యూదుడు, మాకు వలదు" అని కొరింథువారందరు తిరిగిపోయియుండినచో ఆయన చేతిపని ఏమై యుండెడిది?

మనలో పెద్దలకు మరియొక సంగతి తెలియును. మన తాతల కాలమున అనేక పల్లెలలో మనవారిని కొట్టు మెట్టు ఎక్కనిచ్చువారు కారు. కాసును నేలమీద పెట్టవలెను. ఉప్పు, పప్పు పైనుండి కొంగులోనికి జారవిడిచెడివారు. ముందు పుట్టుక అడుగుట, తరువాత బేరము. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగములో 15వ అధికరణము మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచేత ఎవరిని దుకాణమునకు రానీయకుండ ఆపరాదనెను. 17వ అధికరణము అంటరానితనమునే రద్దుచేసెను. ఆ శాసనము అమ్మువాని గుమ్మమును తెరచినది. కొనువాని మనస్సును ఏ శాసనమును తెరువజాలదు. మనము ఎవరి కొట్టును విడిచిపెట్టితిమో అడుగు అధికారి లేడు. మన తాతలు ఏ గుమ్మము బయట నిలిచి అవమానపడిరో, ఆ గుమ్మమును నేడు మనమే మూయుదుమా?

"విశ్వాస గృహమునకు చేరినవారికి విశేషముగా మేలుచేయవలదా?" అని కొందరందురు. చేయవలెను. మన సంఘములో బీద దర్జీ యున్నయెడల అతనికి పని ఇచ్చుట ప్రేమ. కాని ఒకనిని ఆదుకొనుట వేరు, ఒకనిని వెలివేయుట వేరు. మన పిల్లలును నేడు పట్టణములలో పరమతస్థుల కొట్లలో జీతము తీసికొనుచున్నారు గదా!

అట్లని కన్నులు మూసికొని కొనుమని మేము చెప్పుట లేదు. అడుగవలసిన ప్రశ్నలు వేరుగా నున్నవి. తూకము సరియైనదా? లేవీయకాండము 19వ అధ్యాయము దీనినే అడుగుచున్నది. చేసినవానికి కూలి దక్కినదా? 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీ గాజుల కార్ఖానాలనుండి పోలీసులు 200కు పైగా పిల్లలను విడిపించిరి. వారిలో అధికులు బీహారునుండి తేబడినవారు. ఇది ఒక మతము పాపము కాదు. చౌకగా దొరికిన చాలునను మన ఆశయు అందులో కలిసియున్నది. ధర నమ్మరానంత తక్కువైనప్పుడు ఎవరి కూలి కోతబడినదో యని ఆగి ఆలోచింపుడి. పసివాడు పనిలో కంటబడినచో 1098 నంబరుకు తెలుపుడి.

బేరమాడుటలోను న్యాయముండవలెను. అద్దాల షాపులో చీటీమీది ధరను నోరెత్తక చెల్లించి, బయట బండిమీద గాజులమ్ముకొను ముసలమ్మతో పది రూపాయలకు పోరాడుట మనకు తగదు. కొట్టులో సరుకును తెగనాడి, ఇంట తన నేర్పును పొగడుకొనువానిని సామెతల గ్రంథకర్త ఏనాడో కనిపెట్టెను.

కావున పయనమునకు ముందు కుటుంబ ప్రార్థనలో ఆ రెండు అధ్యాయములను చదువుకొనుడి. అప్పు లేకుండ ఎంత కొనగలమో భార్యాభర్తలు కూర్చుండి లెక్క వేసికొనుడి. పిమ్మట లాడ్ బజారుకైనను, బేగంబజారుకైనను నిర్భయముగా పొండు. గాజు తొడిగిన చేతికి న్యాయమైన వెల నిచ్చి, మంచి మాట చెప్పి రండు.