సంశయ లాభం ఎవరికి?

నేరం రుజువు కానప్పుడు సంశయ లాభం ముద్దాయికి దక్కాలన్నది మన న్యాయస్థానాలు పాటించే నియమం. నిరపరాధికి పడిన శిక్షను వెనుకకు తీసుకోలేము గనుకనే ఈ జాగ్రత్త. సముద్రం విషయంలో ఈ నియమాన్ని మనం తలక్రిందులుగా అన్వయిస్తున్నామేమోనని నా అనుమానం.

ఉష్ణమండలం నుండి ఉత్తరానికి సాగే అట్లాంటిక్ జలం గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ పరిసరాలలో తన వేడిని గాలికి విడిచి చల్లబడుతుంది. చల్లదనానికి ఉప్పు తోడై బరువెక్కిన ఆ నీరు అడుగుకు దిగి, లోతులలో దక్షిణానికి తరలిపోతుంది. భూమి వేడెక్కిన కొద్దీ గ్రీన్‌లాండ్ మంచు కరిగి మంచినీరు పైపొరలో కలుస్తున్నది. ఉప్పు పలచబడి తేలికైన నీరు అంత సులభంగా మునగదు. 1961లో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త హెన్రీ స్టామెల్ ఒక చిన్న గణిత నమూనాతో, ఒకే పరిస్థితులలో ఇటువంటి ప్రవాహానికి రెండు స్థిరమైన స్థితులు సాధ్యమని చూపాడు. అంటే ఒక హద్దు దాటి కూలిన ప్రవాహం, కూల్చిన కారణం తొలగినంత మాత్రాన తిరిగి లేవకపోవచ్చు.

ఫ్లోరిడా నుండి ఆఫ్రికా తీరం వరకు అమర్చిన పరికరాలు 2004 నుండి ఈ ప్రవాహాన్ని కొలుస్తున్నాయి. ఉద్యోగికి అది దాదాపు ఒక సర్వీసు కాలం, సముద్రానికి రెప్పపాటు. ఈ శతాబ్దంలో ప్రవాహం బలహీనపడే అవకాశమే చాలా ఎక్కువని వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం 2021లో చెప్పింది. 2100లోపు హఠాత్తుగా కూలకపోవచ్చునని కూడా అన్నది గాని, ఆ మాటపై తన విశ్వాసం మధ్యస్థమేనని ఒప్పుకొన్నది. దస్త్రం మీద ‘మరింత సమాచారం రావలసి ఉన్నది’ అని వ్రాసి పంపడానికి ఇంతకన్న అనువైన సందర్భం ఉండదు. అటువంటి వాక్యాలు నేనూ వ్రాసినవాణ్ణే.

కాని ఈ వ్యాజ్యంలో ముద్దాయి ఎవరు? ఇంధనం మండించే మన అలవాటు. దానికి పడే శిక్ష ఖర్చు, అసౌకర్యం. పొరపడితే తరువాత దిద్దుకోవచ్చు. ప్రవాహమే కూలితే ఉష్ణమండల వర్షరేఖ దక్షిణానికి జరుగుతుందని, ఆసియా ఋతుపవనాలు బలహీనపడతాయని ఆ సంఘమే హెచ్చరించింది. నైరుతి వాన కోసం ఆకాశం చూసే రైతు మునిమనుమడు ఇక్కడ కక్షిదారు. అతడింకా పుట్టలేదు, వకాల్తా ఇవ్వలేడు.

నిన్నమొన్న విద్యుద్దీపం వెలిగిన ఇంటిని ఆర్పుకొమ్మనడం న్యాయమా అని ఎవరైనా అడిగితే, కాదనే అంటాను. మండించి సంపన్నమైన దేశాల బాధ్యత వేరు, మన బాధ్యత వేరు; 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం ఆ తేడాను అంగీకరించింది. దానిని మనం వదులుకోనక్కరలేదు. అయితే మన వాటా ఎంతో లెక్క తేల్చేటప్పుడు, శాస్త్రవేత్తల సందేహాన్ని మాత్రం మన ఖాతాలో జమ వేసుకోరాదు.