అంధుడైన ముహాజిర్



దివ్యఖుర్ఆన్‌లోని 80వ సూరా 'అబస' అవతరణ సందర్భం మనలో చాలామందికి తెలుసు. దైవప్రవక్త (స) మక్కా సర్దారులతో మాట్లాడుతుండగా హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) ధర్మం నేర్చుకోవటానికి వచ్చారు. ఆయన అంధులు. ఆ క్షణంలో ఆయన వైపు శ్రద్ధ చూపనందుకు అల్లాహ్ తన ప్రవక్తనే (స) హెచ్చరించాడు.

ఆయన గురించి మనం అంతగా గమనించని విషయం మరొకటుంది. ఆయన ముహాజిర్ కూడా. మక్కా వదలి అందరికంటే ముందు మదీనా చేరినవారిలో ఒకరు. నేటి మాటల్లో వికలాంగ శరణార్థి. మదీనా ఆయన్ని ఎలా ఆదరించింది? హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు అజాన్ పలికే బాధ్యత ఇచ్చింది. దైవప్రవక్త (స) ప్రయాణమై వెళ్ళినప్పుడు పలుమార్లు ఆయన్నే మదీనాలో తన ప్రతినిధిగా నియమించారు.

ఇక మన ముంగిట చూద్దాం. మయన్మార్ 1982 పౌరసత్వ చట్టం రోహింగ్యాలను ఏ దేశానికీ చెందనివారిగా చేసింది. 2012 హింసాకాండ తర్వాత ప్రాణాలు దక్కించుకుని వచ్చినవారిలో కొందరు హైదరాబాద్‌లోని బాలాపూర్ పరిసరాల్లో తలదాచుకున్నారు. వారిలో చూపులేని, నడవలేని మనిషి గతి ఏమిటి? వికలాంగ ధ్రువపత్రానికి వెళితే ఆధార్ అడుగుతారు. ఆయన దగ్గరున్నది ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. ధ్రువపత్రం లేనిదే పింఛను లేదు, బస్ పాసు లేదు. పైగా భాష రాదు. తోడు వచ్చేవారికి ఆ రోజు కూలి పోతుంది. పోలీసులు పట్టుకుంటారేమోనన్న భయం సరేసరి.

సోదరులారా! జకాత్ పైకం చేతిలో పెట్టి మన బాధ్యత తీరిందనుకోవటం సరికాదు. అంధునికి దారి చూపటం కూడా దానమేనని దైవప్రవక్త (స) బోధించారు. నేడు ఆ దారి ఆసుపత్రి దాకా, కార్యాలయం దాకా ఉంది. వెంట వెళ్ళండి. ఉర్దూ వచ్చినవారు మాట సాయం చేయండి. అర్జీ రాసిపెట్టండి. కాదంటే ఆ మాట రాతపూర్వకంగా అడగండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం వికలాంగులు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఆ తలుపు తట్టండి.

ఒకనాడు మదీనా వాసులు ముహాజిర్లకు తమ ఇళ్ళలో చోటిచ్చారు. మననుండి అడుగుతున్నది ఒక్క పూట సమయం. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.