ఇల్లు సర్దుకునే వేళ

రంజాన్ రాకముందే ఇల్లు దులిపి అల్మారాలు సర్దుకుంటాం. ప్రతి వస్తువూ దాని చోటికి చేరితే మనసుకు ఎంత హాయి! అయితే ఆ అరల్లోనే పొరుగింటి గిన్నె, ఎవరో చదవమని ఇచ్చిన పుస్తకం, పెళ్ళికని అడిగి తెచ్చిన గొలుసు కనిపిస్తాయి. వాటి చోటు మన అల్మారా కాదు.

అమానతులను హక్కుదారులకు అప్పగించమని దివ్య ఖుర్ఆన్ (అన్ నిసా: 58) ఆదేశిస్తోంది. క్రీ.శ. 622లో మక్కావాసులే తమ ప్రాణం తీయజూసినా, దైవప్రవక్త (స) వారి అమానతులు తిరిగి ఇచ్చేందుకు హజ్రత్ అలీ (రజి)ని అక్కడే ఉంచి హిజ్రత్ చేశారు. మనకైతే పొరుగింటి గడపే దూరం!

పరుల సొమ్ము యజమానికి చేరినప్పుడే ఇల్లు సర్దిన ఆనందం సంపూర్ణం. అల్లాహ్ మనకు ఆ భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.