తిరుగుదారి

మా హోసూరు నుంచి తళికి పోయే దారిలో బేలగొండపల్లి దగ్గర ఒక చిన్న విమానాశ్రయం ఉంది. 1990ల నడుమ తనేజా ఏరోస్పేస్ కంపెనీవారు ఇటలీలోని పార్టెనావియా సంస్థ సహకారంతో అక్కడ పి-68సి అనే చిన్న విమానాలు తయారుచెయ్యడం మొదలుపెట్టారు. ఆరు సీట్లు, రెండు ఇంజన్లు, పైభాగాన రెక్కలు. రాగి చేలల్లో కలుపు తీసేవాళ్ళు దాని చప్పుడు వినగానే నడుమెత్తి చూసేవాళ్ళు. మా అక్క కొడుకు అప్పుడు బడికి పోయే పిల్లవాడు. ఆదివారం వస్తే నా సైకిలు వెనక కూర్చుని ఆ కంచె దాకా రావలసిందే. వాడికి విమానాల పిచ్చి పట్టించింది నేనేనని అక్క ఇప్పటికీ అంటుంది.

ఆ పిచ్చి వాణ్ణి 2014లో అమెరికా దాకా తీసుకుపోయింది. మా బావ అప్పటికే లేడు. అక్క పేర ఉన్న ఎకరం నేల బ్యాంకులో పెట్టాం. అది చాలలేదు. మిగిలిన అప్పుకు నేను జామీను సంతకం చేశాను. కొలరాడో రాష్ట్రంలో, కొండల నడుమ చిన్న విమానాలు నడపడం నేర్పే చోట చేరాడు. ఏడాది గడిచాక ఒక రాత్రి ఫోను చేశాడు. ఆ మర్నాడు కొండల అవతలి ఊళ్ళో వాడికి పెద్ద లైసెన్సు పరీక్ష. ఒక్కడే విమానం తీసుకుని బయలుదేరి, కణుమ దాకా పోయి, దాటకుండా వెనక్కి తిరిగి వచ్చాడట. పరీక్ష పోయింది. మళ్ళీ ఐదు వారాలకు గాని తేదీ దొరకదు. అన్నాళ్ళ తిండి, గది అద్దె, విమానం అద్దె కలిపితే మన లెక్కలో రెండు లక్షలు దాటుతుంది.

అంతా విని నేను అడిగిన మాట ఒక్కటే. "ఏమప్పా, భయపడితివా?"

అవతల కాసేపు మాట లేదు. తరువాత, "భయపడలే మామా. గాలి బాగలేదు" అని ఫోను పెట్టేశాడు.

నేనడిగిన ఆ ప్రశ్న గురించే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. అది తప్పు ప్రశ్న అని తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఎందుకు తప్పో తెలుసుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

వాడు ఊరికి వచ్చినప్పుడు ఆషాఢం నడుస్తోంది. ఆడిగాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని మన పక్కింటి తమిళులంటారే, ఆ గాలి. ఇద్దరం రాయకోట దుర్గం ఎక్కి, శిథిలమైన గోడ చాటున కూర్చున్నాం. పడమట మన హోసూరు మెరక, తూర్పున కృష్ణగిరి వైపు నేల దిగిపోతూ, నడుమ గుట్టలు. నేను అడగలేదు. వాడే చెప్పడం మొదలుపెట్టాడు.

"చెరువు నిండి అలుగు పారేటప్పుడు చూసినావు కదా మామా. ఇవతల నీళ్ళు నున్నగా ఎక్కివస్తాయి. అవతల పడి సుళ్ళు తిరుగుతాయి. కొండమీద గాలీ అంతే. గాలి తగిలేవైపు విమానాన్ని పైకెత్తుతుంది. అవతలివైపు కిందికి తొక్కుతుంది."

మేకలు కాసేవాడికి గాలిచాటు ఆసరా. చిన్న విమానానికి అదే గండం. అందుకే కొండ కొప్పును కనీసం 1,000 అడుగులు ఎత్తున దాటాలట. గాలి ఉంటే 2,000. అదికూడా ఎదురుగా సూటిగా పోకూడదు. 45 డిగ్రీల కోణంలో, ఏటవాలుగా దగ్గరికి పోవాలి. విమానం కిందికి దిగిపోతోందని అనిపించిన మరుక్షణం కొంచెం తిరిగితే చాలు, పల్లం వైపుకు వచ్చేస్తుంది. సూటిగా పోయినవాడు పూర్తిగా వెనక్కి తిరగాలి. అంత చోటు అప్పటికి ఉండదు. కొండ కొప్పున గాలి గంటకు 45 కిలోమీటర్లు దాటితే కొత్తవాడు ఆ పూట బయలుదేరనే కూడదు.

లోయలో నడుమన పోవడం క్షేమమని నేననుకున్నాను. కాదట. ఒక పక్కకు, కొండను ఒరుసుకున్నట్టు పోవాలి. నడుమన పోయేవాడికి తిరగడానికి లోయ వెడల్పులో సగమే మిగులుతుంది. పక్కన పోయేవాడికి మొత్తం వెడల్పూ ఉంటుంది. వాగు పారే దిక్కున దిగుతూ పోవచ్చుగాని, వాగుకు ఎదురుగా తెలియని లోయలోకి ఎక్కుతూ పోకూడదు. విమానం లేచేదానికన్నా నేల త్వరగా లేస్తుంది. ఆ సంగతి తెలిసేసరికి లోయ ఇరుకైపోయి ఉంటుంది.

అక్కడొక లెక్క కూడా చెప్పాడు. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తు. ఆ ఎత్తులో ప్రామాణికమైన వేడి 9 డిగ్రీలు. ఎండాకాలం మధ్యాహ్నం 34 డిగ్రీలుంటే, 25 డిగ్రీలు ఎక్కువ. ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున 3,000 అడుగులు కలపాలి. అంటే బేలగొండపల్లిలో నేలమీద నిలబడిన విమానం 6,000 అడుగుల ఎత్తున ఉన్నట్టు నడుచుకుంటుంది. గాలి పలచన, ఇంజను బలం తక్కువ, రెక్కలకు పట్టు తక్కువ. కొలరాడోలోని లెడ్‌విల్ విమానాశ్రయమే 9,934 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ 20 డిగ్రీల ఎండ కాస్తే విమానానికది దాదాపు 13,000 అడుగులు. పైగా పలచని గాలిలో ముల్లు అదే వేగం చూపిస్తున్నా విమానం నిజానికి ఎక్కువ వేగంగా పోతూ ఉంటుంది. అందువల్ల 10,000 అడుగుల ఎత్తున వెనక్కి తిరగడానికి కావలసిన చోటు కిందికన్నా మూడోవంతుకు పైగా పెరుగుతుంది. కొండల్లోకి పోయేకొద్దీ తిరగడానికి చోటు ఎక్కువ కావాలి. ఉండే చోటేమో తగ్గుతూ వస్తుంది.

దూరపు కొండలు నునుపు అనే సామెత మనం ఎన్నో సందర్భాల్లో వాడుతూనే ఉంటాం. ఆ సాయంత్రం నాకది మొదటిసారి ఉన్న అర్థంలోనే వినిపించింది.

"మరి ఆ పొద్దు తిరిగి రావాలని ఎప్పుడు అనుకున్నావు?" అని అడిగాను.

"అక్కడ అనుకోలే మామా. బయలుదేరకముందే అనుకున్నా. కణుమకు ఇవతల ఒక చెరువుంది. అది వచ్చేసరికి కావలసిన ఎత్తు అందకపోయినా, కణుమ అవతల ఆకాశం కనపడకపోయినా తిరిగేదే అని కాగితంమీద రాసి పెట్టుకున్నా. చెరువు వచ్చింది. ఎత్తు 600 అడుగులు తక్కువ. తిరిగినా."

ఇక్కడ నా మనసు ఆగింది. ధైర్యమంటే ఆపద ఎదురైనప్పుడు గుండె చూపించే గుణమని మనం నమ్ముతాం. పిల్లలకూ అలాగే చెబుతాం. వీడు చెప్పేది వేరు. ఆపద ఎదురైనప్పుడు మన బుద్ధిని నమ్మడానికి లేదు. అప్పటికే అది అప్పును, పరీక్షను, ఎదురుచూసేవాళ్ళను లెక్కేసుకుంటూ ఉంటుంది. "ఇంకొంచెం పోయి చూద్దాం" అంటుంది. కాబట్టి మనసు స్థిమితంగా ఉన్నప్పుడు, నేలమీద ఉన్నప్పుడు నిర్ణయం చేసుకోవాలి. అక్కడ చెయ్యవలసింది దాన్ని పాటించడమే. విమానం లేచేటప్పుడు కూడా అలాంటి కట్టుబాటే ఒకటుందట. పరుగుదారిలో సగం పోయేసరికి, లేవడానికి కావలసిన వేగంలో నూటికి 70 వంతులు రాకపోతే ఆపెయ్యాలి. ఆ క్షణాన తర్కానికి తావులేదు.

మబ్బు సంగతి ఇంకా కఠినం. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాలను చూసి నడపడం నేర్వని 20 మందికి బయటి చూపు లేకుండా చేసి విమానం నడిపించి చూశారు. ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన కాలం 178 సెకండ్లు. మూడు నిమిషాలు కూడా కాదు. నేర్పుతో, గుండె నిబ్బరంతో గెలవగలిగే సంగతి కాదది. చెవిలోని తూకం అబద్ధం చెబుతుంటే మనిషి దాన్నే నమ్ముతాడు.

మనవాళ్ళకు ఈ సంగతి కొత్తగాదు. 2009 సెప్టెంబరు 2న హైదరాబాదు నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు నల్లమలలో పావురాల గుట్టమీద కూలి ఐదుగురు చనిపోయారు. ఆ రాత్రంతా మన హోసూరు వీధుల్లో కూడా తెలుగు టీవీల ముందు జనం మేలుకునే ఉన్నారు. 2021 డిసెంబరు 8న సూలూరు నుంచి వెల్లింగ్టన్ పోతున్న సైనిక హెలికాప్టరు కూనూరు దగ్గర కూలి జనరల్ బిపిన్ రావత్‌తో సహా 14 మంది పోయారు. వారిలో మన పక్క చిత్తూరు జిల్లా యువ సైనికుడొకడు. లోయలో వాతావరణం హఠాత్తుగా మారి హెలికాప్టరు మబ్బులోకి ప్రవేశించడం వల్లనే ప్రమాదం జరిగిందని విచారణలో తేల్చారు. రెండు చోట్లా నడిపినవాళ్ళు అనుభవజ్ఞులు. వాళ్ళను తప్పుపట్టడానికి నేనీ మాట ఎత్తలేదు. మబ్బుకు, కొండకు మనిషి హోదాతోగాని అనుభవంతోగాని పనిలేదని చెప్పడానికే ఎత్తాను.

ఇక అసలు చిక్కుకు వస్తాను. ఆ సాయంత్రం మా వాడు దాచకుండా ఇంకో మాట చెప్పాడు. వాడు తిరిగి వచ్చిన రోజునే, రెండు గంటల తరువాత, అలాంటి విమానమే ఇంకొకటి అదే కణుమ దాటి క్షేమంగా అవతల దిగిందట.

నేనిది ముందే విని ఉంటే ఫోనులో ఇంకా పెద్దమాటే అనేవాణ్ణి. వాడు దాటగా నువ్వెందుకు దాటలేదు అనేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే, వెనక్కి తిరిగినవాడి కష్టమంతా ఇక్కడే ఉంది. వాడి దగ్గర రుజువు ఉండదు. దాటి చచ్చినవాడు తప్పుచేశాడని లోకానికి తెలుస్తుంది. దాటి బతికినవాడు మొనగాడనిపించుకుంటాడు. తిరిగి వచ్చినవాడు తాను తప్పించుకున్నదేమిటో ఎవరికీ చూపించలేడు. తనకే చూపించుకోలేడు. పోయిన డబ్బు మాత్రం కాగితంమీద కనిపిస్తూనే ఉంటుంది. నిదానమే ప్రధానమన్న నోటితోనే ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నాం మనం. ఏ సామెత ఎప్పుడు వాడాలో ఫలితం చూసి ఎంచుకుంటాం. ఫలితం చూశాక వివేకం చెప్పడానికి ఎవరైనా చాలు.

ఇంకొకరు దాటడం వీడి నిర్ణయాన్ని తప్పు చెయ్యదు. ఆ రెండు గంటల్లో గాలి తగ్గి ఉండవచ్చు. ఆ విమానం బరువు తక్కువై ఉండవచ్చు. లేదా ఆ నడిపినవాడు అదృష్టవంతుడై ఉండవచ్చు. ఒక పని మంచిదో కాదో, అది చేసేటప్పుడు మనకు తెలిసినదాన్ని బట్టి తూచాలి. ఆ తరువాత జరిగినదాన్ని బట్టి కాదు.

దీనికి ఎదురుమాట ఉంది. అందరూ ఇలా తిరిగి వచ్చేస్తే కొండల్లో ఉన్నవాళ్ళ గతి ఏమిటి? నేపాల్‌లో, న్యూగినీలో చిన్న విమానం తప్ప దారిలేని పల్లెలున్నాయి. అక్కడ కాన్పు కష్టమైన తల్లి ఎదురుచూస్తూ ఉంటే, జాగ్రత్త అనేది స్వార్థం కాదా? ఈ మాటను తేలిగ్గా కొట్టెయ్యలేను. తిరిగి రావడానికి వెల ఉంటుంది. ఒక్కొక్కసారి ఆ వెల చెల్లించేది తిరిగి వచ్చినవాడు కాదు. అయినా, కొండకు కొట్టుకున్న విమానం ఆ తల్లినీ కాపాడదు, రేపటి తల్లినీ కాపాడదు. అక్కడ పనిచేసేవాళ్ళు తెల్లవారుజామునే, గాలి లేవకముందే పోయి వస్తారు. తెగింపుతో కాదు, ఆ వేళ చూసుకుని పోవడంతోనే వాళ్ళు ఏళ్ళ తరబడి ఆ పల్లెలకు ఉపయోగపడుతున్నారు.

మరి నా ప్రశ్న? "భయపడితివా" అని నేనడిగింది ధైర్యం గురించి కాదు. రెండు లక్షల గురించి. ఆ మాట సూటిగా అడగడానికి సిగ్గుపడి, వాడి మగతనం మీదికి తోశాను. అంతకన్నా బాధపెట్టేది ఇంకొకటుంది. ఆ మాట నేను ముందురోజు రాత్రి అని ఉంటే? చెరువు వచ్చినప్పుడు వాడి చెవిలో నా గొంతు ఉండేది. కాగితంమీద రాసుకున్నదానికి, నా గొంతుకు మధ్య వాడు నలిగేవాడు. లోయను ఇరుకు చేసేది కొండలొక్కటే కాదు. కింద నేలమీద కూర్చుని ఎదురుచూసే మనం కూడా ఆ పని చేస్తాం. పెళ్ళి ముహూర్తానికి అందాలని రాత్రి వానలో ఘాటు దిగుతున్న డ్రైవరుకు, నలభైసార్లు ఫోను చేసే మనం కూడా.

ఆ డబ్బు నిజంగానే పోయింది. దాన్ని తక్కువ చేసి చెప్పను. అక్క నేల బ్యాంకు నుంచి విడిపించుకోవడానికి అనుకున్నదానికన్నా ఏడాదిన్నర ఎక్కువ పట్టింది. ఆ వడ్డీలో కొంత నేనే కట్టాను. కట్టిన ప్రతిసారీ నొప్పిగానే ఉండింది. వాడు చేసింది సరైన పని అని నమ్మడానికీ, ఆ నొప్పి తగ్గడానికీ సంబంధం లేదని కూడా అప్పుడే తెలిసింది.

ఆ పొద్దు దుర్గం దిగేముందు వాడితో అన్నాను, "అట్లడిగి ఉండకూడదప్పా నేను" అని. వాడు నవ్వి, "పోనీలే మామా, చీకటి పడకముందే దిగుదాం. మెట్లు బాగలేవు" అన్నాడు. నేను ఇంకొంచెంసేపు కూర్చుందామనబోయి, మానుకుని లేచాను.