అశోకవనంలో ఎదురుచూపు

దసరా సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాయమని మన సంపాదకులు అడిగారు. చక్కెర వ్యాధి గురించో, రక్తపోటు గురించో రాసిద్దామని కూర్చున్నాను. కానీ 2024 దసరా రోజులు గుర్తొచ్చి కలం అటు సాగలేదు.

గుంటూరులో వైద్యం చదువుకొని ఇంగ్లండు వచ్చినవాణ్ణి. రోగులకు ధైర్యం చెప్పడం నా వృత్తి. ఆ ఏడు నా ఎడమ అరికాలి మీది నల్లమచ్చను తీసి పరీక్షకు పంపితే, సెప్టెంబరు చివర్లో మెలనోమా అని తేలింది. చర్మ క్యాన్సర్లలో ఇది ప్రమాదకరమైన రకం. "చర్మ క్యాన్సర్ తెల్లవాళ్ళ జబ్బు కదండీ!" అంటారు మనవాళ్ళు. మన రంగువాళ్ళకు అరుదే, నిజమే. కానీ వచ్చినప్పుడు తరచుగా అరికాళ్ళలో, అరచేతుల్లో, గోళ్ళ కింద వస్తుంది. అక్కడ ఎవరు చూసుకుంటారు? అందుకే ఆలస్యంగా బయటపడుతుంది. గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలివేలికి వచ్చింది ఇదే. 1981లో 36 ఏళ్ళకే పోయాడు. (చదవడం ఒక్క నిమిషం ఆపి మీ అరికాళ్ళు చూసుకోండి. నేనెక్కడికీ పోను.)

నాకు ఆపరేషన్ జరిగింది, గజ్జల్లో తీసి చూసిన బిళ్ళలో ఏమీ లేదు, పరీక్షలకు క్రమం తప్పకుండా వెళ్తున్నాను. నేను రాయదలచుకున్నది అంతకు ముందటి 26 రోజుల గురించి.

ఆ జాప్యం ఎవరి నిర్లక్ష్యమూ కాదు. మచ్చ ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. దాన్నిబట్టి చుట్టూ ఒక సెంటీమీటరు కొయ్యాలా, రెండా, గజ్జల్లో బిళ్ళ తీసి చూడాలా అన్నది నిర్ణయిస్తారు. అరికాలు గనక వేరేచోటి చర్మం తెచ్చి అతకాలి. నిర్ణయమయ్యాక 31 రోజుల్లోపు చికిత్స మొదలుకావాలన్నది ఇక్కడి లక్ష్యం. నా రోగి ఎవరికైనా 26 రోజులకు తేదీ వస్తే "త్వరగానే వచ్చిందే" అనేవాణ్ణి. నిజంగా అనేవాణ్ణి. ఇప్పుడు సిగ్గేస్తోంది.

పగలు ఆసుపత్రిలో బాగానే ఉండేవాణ్ణి. రాత్రి రెండింటికి లేచి గజ్జల్లో బిళ్ళలు కట్టాయేమోనని తడుముకునేవాణ్ణి. ఇంట్లో బొమ్మల కొలువు పెట్టాం. పేరంటానికి వచ్చినవాళ్ళు "కాలికి ఏమైందండీ?" అంటే "గాజుపెంకు గుచ్చుకుంది" అన్నాను. అమ్మవారి ఎదుట నిలబడి తొమ్మిది రోజులూ అదే అబద్ధం. నిజం తెలిసింది నా భార్యకు, ఇంకొక పెద్దాయనకు. ఆయన నా భుజం తట్టి, "నమ్మినవాడికి భయమెందుకు బాబూ?" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ ఆ రాత్రి నుంచి భయానికి తోడు, భయపడుతున్నానన్న నేరభావం కూడా పట్టుకుంది.

భయం భక్తిలోపమా? ఫలం మీద దృష్టి పెట్టక పని చెయ్యమంది గీత. మరి ఎదురుచూసేవాడికి చెయ్యడానికి పనేదీ? వాడి ముందున్నది ఫలం ఒక్కటే.

మనకు కష్టమొస్తే సుందరకాండ పారాయణ చేస్తాం. చిన్నప్పటి నుంచీ నాకు అందులో కనిపించింది సముద్రం దాటిన హనుమంతుడే. ఆ అక్టోబరులో చదివితే సీతమ్మ కనపడింది. రావణుడు ఆమెకు ఇచ్చిన గడువు రెండు నెలలు. రాముడు వస్తాడో రాడో తెలియదు. ఆమె స్థిరంగా కూర్చుందా? లేదు. ఏడ్చింది, తన దురదృష్టాన్ని తిట్టుకుంది, ప్రాణం మీద ఆశ వదులుకునేదాకా వెళ్ళింది. హనుమంతుడు ఎదుటికొస్తే రావణుడి మాయేమోనని శంకించి, రాముడి గుర్తులు చెప్పమని అడిగింది. సీతమ్మకు రాముడి మీద నమ్మకం లేదనగలమా? మహర్షి ఆ కన్నీళ్ళను దాచలేదు. ఇంకో సంగతి ఇదివరకు నేనెప్పుడూ గమనించలేదు. వెళ్ళబోతున్న హనుమంతుణ్ణి ఆమె ఒక్కరోజు ఎక్కడైనా చాటుగా ఉండి, అలసట తీర్చుకొని వెళ్ళమంటుంది. అతనుంటే తన దుఃఖానికి కాసేపైనా ఉపశమనం అంటుంది. యుద్ధం అప్పుడే అక్కర్లేదు, పక్కన ఒక మనిషి ఉంటే చాలు.

మరునాడు తెనాలికి ఫోన్ చేసి అమ్మకు చెప్పాను. పెద్దవయసులో ఆమెకెందుకు ఈ బాధ అని అన్నాళ్ళూ దాచాను. అది దయ అనుకున్నాను, సగం పిరికితనం.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకా ఎన్ని రోజులుంది నాన్నా?" అంది.

"పధ్నాలుగమ్మా."

"రోజుకు ఏడు సర్గలు చదివితే పది రోజుల్లో అయిపోతుంది. మిగతా నాలుగు రోజులూ ఏం చెయ్యనురా?"

జవాబు తోచలేదు. "ఉంటానమ్మా" అన్నాను.

"పెట్టెయ్యకు, కాసేపు ఉండు" అంది.

ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. అక్కడ ఎవరింట్లోనో కుక్కరు కూతలు లెక్కపెడుతూ నిలబడ్డాను.